తొలి నెలల్లో రక్తం కనిపిస్తే: గర్భస్రావం లక్షణాలను ఎలా గుర్తించాలి, ఏ వరుసలో ఏం చేయాలి

నెల తప్పి, టెస్టులో రెండు గీతలు వచ్చాక ఒకరోజు ఎర్రటి మరక కనిపిస్తే ఏం చేయాలి? చాలామంది అడుగుతున్న ప్రశ్న ఇది. ఇంట్లో దీనికి రెండు జవాబులు దొరుకుతాయి. ఒకరు "ఏం కాదులే, పడుకో" అంటారు. ఇంకొకరు "అయ్యో, పోయినట్టే" అంటారు. రెండూ తొందరపాటే. మరక చూసి గర్భం నిలిచిందో పోయిందో ఇంట్లో ఎవరూ చెప్పలేరు. ఇంట్లో మనం చేయగలిగింది సరిగ్గా గమనించడం, రాసుకోవడం, ఎంత త్వరగా ఆసుపత్రికి వెళ్లాలో తేల్చుకోవడం. ఆ మూడూ ఎలా చేయాలో వరుసగా చూద్దాం.

ముందు ఇది చూడండి: వెంటనే బయల్దేరాల్సిన లక్షణాలు

కింది వాటిలో ఒక్కటి ఉన్నా మిగతా వ్యాసం తర్వాత చదవొచ్చు. 108కి ఫోన్ చేయండి, లేదా దగ్గర్లోని పెద్దాసుపత్రికి వెళ్లండి.

- గంటలోపే పెద్ద ప్యాడ్ పూర్తిగా తడిసిపోతోంది
- లేచి నిలబడితే కళ్లు బైర్లు కమ్ముతున్నాయి, చల్లటి చెమటలు పడుతున్నాయి, లేదా స్పృహ తప్పింది
- పొత్తికడుపులో ఒకవైపే గట్టిగా పొడుస్తోంది
- భుజం చివర, మెడకు దగ్గరగా, దెబ్బేమీ తగలకుండానే నొప్పి పుడుతోంది
- 100.4 డిగ్రీల ఫారెన్‌హీట్ లేదా అంతకు మించి జ్వరం, వణుకు, దుర్వాసనతో స్రావం

బైక్ మీద వెనక కూర్చుని వెళ్లకండి. దారిలో కళ్లు తిరిగితే పడిపోతారు. అవసరమైతే మత్తు ఇవ్వాల్సి రావొచ్చు కాబట్టి బయల్దేరే ముందు భోజనం చేయకండి.

## 1. టెస్ట్ పాజిటివ్ వచ్చిన వారంలోనే సిద్ధం చేసుకోవాల్సినవి

మరక కనిపించాక కాగితాలు వెతకడం చాలా కష్టం. అందుకే ఒక కవర్‌లో ఇవన్నీ ముందే పెట్టుకోండి:

- ఆఖరి నెలసరి మొదలైన తేదీ రాసిన కాగితం
- రక్తం గ్రూపు రిపోర్టు (పాజిటివా, నెగెటివా అన్నది చాలా ముఖ్యం)
- హిమోగ్లోబిన్ రిపోర్టు
- ఎంసీపీ కార్డు (గర్భిణులకు ఇచ్చే తల్లీబిడ్డల రక్షణ కార్డు), ఇదివరకటి స్కాన్లు
- గుర్తింపు కార్డు. గర్భిణికి స్కాన్ చేసే ముందు చట్టప్రకారం ఫారం-ఎఫ్ నింపాలి, అప్పుడు దీన్నీ డాక్టర్ చీటీనీ అడుగుతారు
- వాడుతున్న మందుల పేర్లు

రాత్రిపూట కూడా స్కాన్, ఆపరేషన్ సౌకర్యం ఉండే ఆసుపత్రి మీకు దగ్గర్లో ఏదో ఇప్పుడే కనుక్కోండి. పగలు చెకప్ చేయించుకునే చిన్న క్లినిక్ రాత్రి 2 గంటలకు తెరిచి ఉండదు. హైదరాబాద్‌లో పేట్లబురుజు, కోఠి ప్రసూతి ఆసుపత్రులు, విశాఖలో ఘోషాసుపత్రి, తిరుపతిలో ప్రభుత్వ ప్రసూతి ఆసుపత్రి ఇందుకోసమే ఉన్నాయి. పల్లెల్లో ఉన్నవాళ్లు ఆశా కార్యకర్త, ఏఎన్‌ఎం నంబర్లు ఫోన్‌లో పెట్టుకోండి.

హిమోగ్లోబిన్ గురించి ఒక మాట. మన దగ్గర చాలామంది ఆడవాళ్లకు రక్తం తక్కువే. 11 ఉన్న మనిషి తట్టుకునే రక్తస్రావాన్ని 7 ఉన్న మనిషి తట్టుకోలేదు. మీది 9 కంటే తక్కువైతే, కింద రాసిన జాగ్రత్తలన్నీ ఒక మెట్టు ముందే తీసుకోండి.

## 2. నెలలు కాదు, వారాలు లెక్కపెట్టండి

"మూడో నెల నడుస్తోంది" అంటే 9 వారాలు కావొచ్చు, 12 కావొచ్చు. ఈ తేడాతోనే స్కాన్ రిపోర్టు అర్థం మారిపోతుంది.

లెక్క తేలిక. ఆఖరి నెలసరి మొదటి రోజు నుంచి ఈ రోజుకు ఎన్ని రోజులైందో చూసి 7తో భాగించండి. మార్చి 3న నెలసరి వచ్చి ఈ రోజు ఏప్రిల్ 23 అయితే 51 రోజులు, అంటే 7 వారాల 2 రోజులు.

నెలసరి 28 రోజులకు కాకుండా 35, 40 రోజులకు వచ్చేవాళ్లు ఆ సంగతి కూడా రాసుకోండి. వాళ్లలో అండం ఆలస్యంగా విడుదలవుతుంది కాబట్టి గర్భం తేదీ లెక్క కంటే వారం, పది రోజులు చిన్నదిగా ఉంటుంది. ఈ ఒక్క విషయం డాక్టర్‌కు చెప్పకపోవడం వల్ల ఎందరో అనవసరంగా ఏడ్చారు.

## 3. రక్తాన్ని ఎలా గమనించాలి

తొలి నెలల్లో రక్తపు మరక చూసేవాళ్లు దాదాపు ప్రతి నలుగురిలో ఒకరు. వాళ్లలో సగానికి పైగా మందికి గర్భం కొనసాగుతుంది. నెలసరి రావాల్సిన రోజుల్లో, పిండం గర్భసంచి గోడకు అతుక్కునేటప్పుడు రెండు మూడు చుక్కలు పడొచ్చు. కలయిక తర్వాత, లోపలి పరీక్ష తర్వాత గర్భసంచి ముఖద్వారం నుంచి కొంచెం రావొచ్చు. కాబట్టి మరక కనిపించిందంటే గర్భం పోయినట్టే అనుకోకండి. అలాగని చెప్పకుండా ఊరుకోకండి.

ప్యాడ్ పెట్టుకుని చూడండి. టాంపాన్, కప్ వాడకండి. ప్యాడ్ మార్చిన ప్రతిసారీ ఫోన్‌లో ఈ నాలుగు రాసుకోండి:

- సమయం. ప్యాడ్ ఎప్పుడు పెట్టారు, ఎప్పుడు తీశారు
- ఎంత. తుడిస్తేనే కనిపించిందా, నాణెమంత మరకా, సగమా, అంచుల దాకానా
- రంగు. గోధుమ, గులాబీ, ముదురు ఎరుపు, తాజా ఎరుపు
- గడ్డలు. ఉన్నాయా, ఉంటే ఎంత పెద్దవి (శనగ గింజంత, ఉసిరికాయంత అని రాసినా చాలు)

బట్ట వాడేవాళ్లు ఎన్ని మడతలు తడిసిందో చూసుకోండి. ఫోన్‌లో ఫొటో తీసి పెట్టుకుంటే డాక్టర్ దగ్గర మాటలు వెతుక్కోనక్కర్లేదు. సిగ్గుపడాల్సిందేమీ లేదు, వాళ్లు రోజూ చూసేదే.

గోధుమరంగు అంటే పాత రక్తం నెమ్మదిగా బయటికి వస్తోందని. నొప్పి లేకుండా అలా కొద్దిగా ఉంటే 24 గంటల్లోపు డాక్టర్‌ను కలవండి. రంగు గోధుమ నుంచి తాజా ఎరుపుకు మారుతూ, మరక నుంచి ధారగా పెరుగుతూ, గడ్డలు మొదలైతే అదే రోజు వెళ్లాలి.

బూడిదరంగులో గానీ, పలచటి పొరలా గానీ ముక్క ఏదైనా పడితే పారేయకండి. మూత ఉన్న శుభ్రమైన పొడి డబ్బాలో వేసి తీసుకెళ్లండి. ద్రాక్షగుత్తిలా చిన్న చిన్న బుడగలు పడితే తప్పకుండా చూపించాలి. అది మోలార్ ప్రెగ్నెన్సీ (పిండానికి బదులు మాయ కణజాలం బుడగల్లా పెరిగే అసాధారణ గర్భం) కావొచ్చు. దానికి ఆ తర్వాత చాలా వారాల పాటు రక్తపరీక్షలతో గమనింపు అవసరం.

## 4. నొప్పి ఏం చెబుతుంది

గర్భసంచి పెరుగుతుంటే అటూ ఇటూ లాగినట్టు ఉండటం మామూలే. ఆ నొప్పి వస్తుంది, పోతుంది, విశ్రాంతి తీసుకుంటే సర్దుకుంటుంది.

గర్భస్రావం నొప్పి వేరుగా ఉంటుంది. నెలసరి నొప్పిలా మొదలై అంతకంటే పెరుగుతుంది, అలలు అలలుగా వస్తుంది, నడుములోకి పాకుతుంది, దాంతోపాటు రక్తమూ పెరుగుతుంది. ఈ రెండూ కలిసి పెరగడమే అన్నిటికంటే బలమైన సూచన.

మూత్రానికి వెళ్తే మంట, మాటిమాటికీ వెళ్లాలనిపించడం ఉంటే ఇన్‌ఫెక్షన్ కావొచ్చు. దాన్ని కూడా వదిలేయకూడదు, మూత్రపరీక్షతో తేలిపోతుంది.

ఇక అన్నిటికంటే భయపడాల్సిన నొప్పి గురించి. 100 గర్భాల్లో ఒకటి రెండు గర్భసంచిలో కాకుండా బయట, ఎక్కువగా అండవాహికలో (ట్యూబులో) పెరుగుతాయి. ట్యూబు సాగలేదు. సాధారణంగా 6 నుంచి 8 వారాల మధ్య లక్షణాలు బయటపడతాయి. అది పగిలితే రక్తం బయటికి రాకుండా కడుపులోపలే నిండుతుంది. ప్యాడ్ మీద నాలుగు చుక్కలే కనిపిస్తాయి, మనిషి మాత్రం తెల్లగా పాలిపోతుంది. భుజం నొప్పి అందుకే వస్తుంది: లోపల చేరిన రక్తం ఊపిరితిత్తుల కిందున్న పొరను ఒరుసుకుంటే ఆ నొప్పి భుజంలో తెలుస్తుంది. కొందరికి విరేచనానికి వెళ్లాలన్నట్టు కింద ఒత్తిడిగా ఉంటుంది. దాన్ని గ్యాస్ అనుకుని ఇంట్లో వాము నీళ్లు తాగించి ఆలస్యం చేస్తారు.

వీళ్లు మరింత జాగ్రత్తగా ఉండాలి:

- కుటుంబ నియంత్రణ ఆపరేషన్ అయ్యాక కూడా నెల తప్పినవాళ్లు
- కాపర్-టీ ఉండగా గర్భం వచ్చినవాళ్లు
- ఇదివరకు ట్యూబులో గర్భం వచ్చినవాళ్లు, ట్యూబులకు ఇన్‌ఫెక్షన్ అయినవాళ్లు
- ఐవీఎఫ్ చేయించుకున్నవాళ్లు

గర్భసంచిలోనే గర్భం ఉందని స్కాన్‌లో ఇంకా చూడకముందే రక్తం, నొప్పి రెండూ వస్తే, వేరే అని తేలేదాకా ట్యూబులో గర్భమనే అనుమానించాలి.

## 5. రక్తం రాకుండానే గర్భం ఆగిపోయినప్పుడు

దీన్ని ఇంట్లో గుర్తించడం దాదాపు అసాధ్యం. పిండం ఎదుగుదల ఆగిపోయినా శరీరం కొన్ని రోజులు, వారాలు కూడా ఆ సంగతి బయటపెట్టకపోవచ్చు. చాలామందికి మామూలు స్కాన్‌కు వెళ్లినప్పుడే "గుండె చప్పుడు రావడం లేదు" అన్న మాట వినపడుతుంది.

వేవిళ్లు ఉన్నట్టుండి పోవడం, రొమ్ముల సలపరం తగ్గడం ఒక సూచన కావొచ్చు. అయితే ఆరోగ్యంగా ఉన్న గర్భంలోనూ వేవిళ్లు ఒకరోజు ఎక్కువ, ఒకరోజు తక్కువ ఉంటాయి. 12 వారాల తర్వాత చాలామందికి వాటంతటవే తగ్గుతాయి. అసలు వేవిళ్లే లేని గర్భాలూ ఉంటాయి. కాబట్టి వేవిళ్లు తగ్గడం ఒక్కటే అయితే టెన్షన్ పడకుండా ఒకటి రెండు రోజుల్లో డాక్టర్‌కు చెప్పండి. దాంతోపాటు మరక కూడా ఉంటే అదే రోజు వెళ్లండి.

ఇంట్లో మళ్లీ టెస్ట్ చేసుకుని రెండు గీతలు చూసి ధైర్యపడకండి. గర్భం ఆగిపోయాక కూడా ఆ టెస్టు పట్టుకునే హార్మోన్ (హెచ్‌సీజీ) రెండు మూడు వారాలు, ఒక్కోసారి ఇంకా ఎక్కువ కాలం శరీరంలో ఉంటుంది. గీత ముదురుగా ఉందా లేతగా ఉందా అని పోల్చుకోవడం వల్ల మనసు పాడవడం తప్ప ఏమీ తెలియదు.

## 6. ఫోన్‌లో డాక్టర్‌కు ఎలా చెప్పాలి

"మేడమ్, కొంచెం బ్లీడింగ్ అవుతోంది" అంటే అవతలివాళ్లకు ఏమీ అర్థం కాదు. ఇలా చెప్పండి:

"మేడమ్, నాకు 7 వారాల 2 రోజులు. ఇంకా స్కాన్ కాలేదు. ఉదయం 6 నుంచి ఎర్రగా అవుతోంది, మూడు గంటల్లో ఒక ప్యాడ్ సగం తడిసింది. గడ్డలు లేవు. నడుము, పొత్తికడుపు నెలసరి నొప్పిలా ఉన్నాయి, ఒకవైపే అని లేదు. కళ్లు తిరగడం లేదు. నాది ఓ నెగెటివ్ గ్రూపు. హిమోగ్లోబిన్ 10. ఇప్పుడే రావాలా?"

ఈ వరుసలో చెబితే అర నిమిషంలో నిర్ణయం అయిపోతుంది. మీరు మాట్లాడలేని స్థితిలో ఉంటే మీ ఆయనో, అమ్మో చదివి చెప్పేలా ఫోన్‌లో రాసి పెట్టండి.

బ్రిటన్‌లో ఉన్న మనవాళ్లు అక్కడి ఎర్లీ ప్రెగ్నెన్సీ యూనిట్‌కు గానీ 111కు గానీ ఇవే వివరాలు చెప్పొచ్చు. అమెరికాలో ఆఫీసు వేళలు దాటినా ఓబీ క్లినిక్ నంబర్‌కు ఫోన్ చేస్తే ఆన్‌కాల్ డాక్టర్‌కు కలుపుతారు. అత్యవసర లక్షణాలుంటే బ్రిటన్‌లో 999, అమెరికాలో 911.

## 7. స్కాన్, రక్తపరీక్ష: తొందరపడకూడని చోటు

ఎక్కువ పొరపాట్లు జరిగేది ఇక్కడే. అందుకే కొంచెం వివరంగా చెబుతాను.

తొలి వారాల్లో పొట్ట మీద నుంచి చేసే స్కాన్ కంటే కింది నుంచి చేసే టీవీఎస్ స్కాన్‌లో స్పష్టంగా కనిపిస్తుంది. దీనివల్ల గర్భం పోదు. సుమారు 5 వారాలకు గర్భపు సంచి (గర్భసంచి కాదు, దాని లోపల పిండం చుట్టూ ఏర్పడే చిన్న సంచి), ఆ తర్వాత కొద్ది రోజులకు దాని లోపల యోక్ శాక్ (పిండానికి తొలి పోషణనిచ్చే భాగం), 6 వారాలు దాటుతుండగా గుండె చప్పుడు కనిపిస్తాయి. అంటే తేదీ ప్రకారం 6 వారాలున్నా, అండం వారం ఆలస్యంగా విడుదలై ఉంటే స్కాన్‌లో ఖాళీ సంచే కనిపించడం సహజం.

గర్భం ఆగిపోయిందని ఒక్క స్కాన్‌తోనే ఖాయంగా చెప్పాలంటే డాక్టర్లు పాటించే కొలతలు ఉన్నాయి. టీవీఎస్‌లో పిండం పొడవు (రిపోర్టులో సీఆర్‌ఎల్ అని ఉంటుంది) 7 మిల్లీమీటర్లు లేదా అంతకంటే ఎక్కువ ఉండి గుండె చప్పుడు లేకపోవాలి. లేదా సంచి సగటు కొలత 25 మిల్లీమీటర్లు లేదా అంతకంటే ఎక్కువ ఉండి లోపల పిండం లేకపోవాలి. కొలతలు అంతకంటే తక్కువగా ఉంటే కనీసం 7 రోజులు ఆగి మళ్లీ స్కాన్ చేయాలి. కొన్నిసార్లు రెండు వారాలు కూడా ఆగాల్సి వస్తుంది.

రక్తస్రావం ఎక్కువ లేకుండా, జ్వరం లేకుండా ఉండి, మొదటి స్కాన్ రోజే "క్లీన్ చేసేద్దాం" అంటే ఈ ప్రశ్నలు అడగండి. అడగడం మీ హక్కు:

- సీఆర్‌ఎల్ ఎంత? సంచి కొలత ఎంత?
- స్కాన్ పొట్ట మీద నుంచి చేశారా, టీవీఎస్సా?
- వారం ఆగి మళ్లీ చూస్తే నాకు ప్రమాదం ఉందా?

స్కాన్‌లో ఏమీ కనిపించకపోతే గర్భం హార్మోన్‌ను కొలిచే బీటా హెచ్‌సీజీ రక్తపరీక్ష చేస్తారు. ఒక్క అంకె చూసి ఏమీ తేల్చలేరు. 48 గంటల తేడాతో రెండుసార్లు చేయించాలి, వీలైతే ఒకే ల్యాబ్‌లో. ఆరోగ్యంగా ఉన్న తొలి గర్భంలో అది రెండు మూడు రోజులకు దాదాపు రెట్టింపవుతుంది. కొందరిలో కాస్త నెమ్మదిగా పెరిగినా గర్భం నిలుస్తుంది. పడిపోతుంటే గర్భం ఆగిపోయిందని అర్థం. మందకొడిగా పెరుగుతూ, గర్భసంచిలో ఏమీ కనిపించకపోతే ట్యూబు గురించి వెతకాలి.

రిపోర్టులో కనిపించే మాటలకు అర్థాలివి:

- థ్రెటెన్డ్ అబార్షన్: రక్తం వస్తోంది, గర్భసంచి ముఖద్వారం మూసే ఉంది. గర్భం నిలిచే అవకాశం ఉంది
- ఇనెవిటబుల్: ముఖద్వారం తెరుచుకుంది, ఆపడం సాధ్యం కాదు
- ఇన్‌కంప్లీట్: కొంత పడిపోయింది, కొంత లోపల ఉంది
- కంప్లీట్: అంతా పడిపోయింది
- మిస్డ్: పిండం ఎదుగుదల ఆగింది, బయటికి రాలేదు

రిపోర్టులో "అబార్షన్" అని చూసి కంగారు పడకండి. వైద్యంలో తనంతట తాను జరిగినదాన్నీ అదే మాటతో రాస్తారు.

## 8. తేలాక ఏం చేస్తారు

గర్భం నిలిచే ఉందని తేలితే డాక్టర్ చెప్పిన తేదీకి మళ్లీ స్కాన్. నెలల తరబడి మంచం మీదే పడుకోవడం వల్ల గర్భస్రావం ఆగుతుందని ఏ పరిశోధనలోనూ తేలలేదు. మామూలు పనులు నెమ్మదిగా చేసుకోవచ్చు, రక్తం ఆగేదాకా కలయిక వద్దు. ఇదివరకు ఒకసారైనా గర్భం పోయి, ఇప్పుడు రక్తస్రావం ఉండి, గర్భం గర్భసంచిలోనే ఉందని తేలినవాళ్లకు ప్రొజెస్టిరాన్ (హార్మోన్ మందు) ఇవ్వొచ్చని బ్రిటన్ మార్గదర్శకాలు 2021 నుంచి చెబుతున్నాయి. రక్తం కనిపించిన ప్రతి ఒక్కరికీ అది అవసరం లేదు.

ఆగిపోయిందని తేలితే మూడు దారులు: తనంతట పడిపోయేదాకా వేచి చూడడం, మాత్రలు వాడడం, చిన్న ప్రక్రియతో తీసేయడం. రక్తస్రావం ఎక్కువగా లేకపోతే ఏది ఎంచుకోవాలో ఆలోచించుకోవడానికి ఒకటి రెండు రోజులు సమయం ఉంటుంది. మెడికల్ షాపులో గర్భస్రావం మాత్రల కిట్ కొని ఇంట్లో మాత్రం వేసుకోకండి. గర్భం ట్యూబులో ఉంటే ఆ మాత్రలు దాన్ని ఆపలేవు. రక్తం పడుతుంటే మందు పనిచేస్తోందనుకుంటారు, లోపల ట్యూబు పగిలిపోతుంది.

రక్తం గ్రూపు నెగెటివ్ (ఆర్‌హెచ్ నెగెటివ్) అయినవాళ్లు "నాకు యాంటీ-డి ఇంజెక్షన్ అవసరమా?" అని మీరే గుర్తు చేయండి. అవసరమైతే 72 గంటల్లోపు ఇవ్వాలి. వచ్చే గర్భంలో బిడ్డను కాపాడేది అదే.

## 9. నాలుగో నెల దాటాక మారే లక్షణాలు

13 వారాల తర్వాత గర్భం పోవడం తక్కువ. కానీ అప్పుడు సూచనలు చాలా నెమ్మదిగా ఉంటాయి. కింద బరువుగా, ఏదో దిగుతున్నట్టు ఉండటం, తెల్లబట్ట ఉన్నట్టుండి ఎక్కువై జిగటగా లేదా రక్తపు చారలతో రావడం, నీళ్లలా కారడం, నడుములో ఆగి ఆగి వచ్చే నొప్పి. వీటిలో ఏది కనిపించినా అదే రోజు వెళ్లాలి. నొప్పి లేకుండానే ముఖద్వారం తెరుచుకునే సమస్య కొందరిలో ఉంటుంది. సకాలంలో గుర్తిస్తే కుట్టు వేసి గర్భాన్ని నిలబెట్టే అవకాశం ఉంది.

## 10. తరచూ జరిగే తప్పులు, సరిదిద్దుకునే తీరు

తెల్లారాక చూద్దాంలే అనుకోవడం. పైన రాసిన అత్యవసర లక్షణాల్లో ఒక్కటైనా ఉంటే తెల్లారేదాకా ఆగకండి.

తోచిన నొప్పి మాత్ర వేసుకోవడం. గర్భం ఉందో లేదో తేలేదాకా ఐబూప్రొఫెన్, డైక్లోఫెనాక్ వద్దు. తప్పనిసరైతే పారాసెటమాల్, అదీ డాక్టర్‌ను అడిగి.

రక్తం ఆగిపోయిందని స్కాన్ మానేయడం. లోపల కొంత మిగిలిపోతే ఇన్‌ఫెక్షన్ అవుతుంది. ఆగినా సరే ఒకసారి చూపించాలి.

"ఏం తిన్నావ్? బండెక్కావా? బరువెత్తావా?" అని ఆరా తీయడం. ఇది ఇంట్లోవాళ్లు చేసే తప్పు, అన్నిటికంటే క్రూరమైనది. తెలిసిన గర్భాల్లో 100కి 10 నుంచి 20 ఇలా పోతాయి, ఎక్కువభాగం మొదటి మూడు నెలల్లోనే. తొలి నెలల్లో పోయిన వాటిలో దాదాపు సగానికి కారణం పిండం క్రోమోజోముల్లో తేడాలు. పండిన బొప్పాయి ముక్క తినడం, మెట్లెక్కడం, గ్రహణం రోజు బయటికి రావడం వల్ల గర్భం పోదు. అత్తమ్మలు, అమ్మలు ఈ పేరా దయచేసి రెండుసార్లు చదవండి. ఆ సమయంలో ఆ అమ్మాయికి కావాల్సింది వేడి అన్నం, పక్కన ఒక మనిషి.

## 11. తర్వాతి వారాలు

రక్తం వారం నుంచి రెండు వారాలు తగ్గుతూ రావొచ్చు. తగ్గినది మళ్లీ పెరిగినా, జ్వరం వచ్చినా, వాసన వచ్చినా వెంటనే వెళ్లండి. నెలసరి సాధారణంగా 4 నుంచి 8 వారాల్లో వస్తుంది. అంతకు ముందే అండం విడుదల కావొచ్చు కాబట్టి ఇప్పుడే గర్భం వద్దనుకుంటే జాగ్రత్త అవసరం.

రెండుసార్లు గర్భం పోయినవాళ్లు ఈసారి పరీక్షలు అడగండి: థైరాయిడ్, షుగర్, ఆంటీఫాస్ఫోలిపిడ్ యాంటీబాడీలు (రక్తం గడ్డకట్టే స్వభావాన్ని పెంచేవి), గర్భసంచి ఆకారానికి స్కాన్. అవసరమైతే భార్యాభర్తలిద్దరికీ క్రోమోజోముల పరీక్ష చేస్తారు.

నిద్ర పట్టకపోవడం, ఏడుపు ఆగకపోవడం రెండు వారాలు దాటినా తగ్గకపోతే 14416కు ఫోన్ చేయండి. అది ప్రభుత్వ టెలీ-మానస్ నంబర్, ఉచితం, తెలుగులో మాట్లాడొచ్చు. మీ ఆయనకు కూడా ఆ అవసరం ఉండొచ్చు, అడిగి చూడండి.

ఉద్యోగం చేసేవాళ్లు డిశ్చార్జ్ సమ్మరీ, స్కాన్ రిపోర్టు జాగ్రత్తగా పెట్టుకోండి. గర్భస్రావం జరిగితే మర్నాటి నుంచి 6 వారాల వేతన సెలవు 1961 నాటి ప్రసూతి ప్రయోజనాల చట్టం ఇచ్చిన హక్కు. 2020 సామాజిక భద్రత కోడ్‌లోనూ అది ఉంది. చాలా ఆఫీసుల్లో హెచ్‌ఆర్ తనంతట చెప్పదు. రుజువుగా ఆ కాగితాల కాపీలు జతచేసి, లిఖితపూర్వకంగా అడగండి.